కుక్క కంతికి దుకాణం మందు



ఎద్దు మేత మానితే, గేదె పాలు తగ్గితే మనం వెంటనే పశువుల ఆసుపత్రికి తోలుకొని పోతాం. కుక్కకు జబ్బు చేస్తే మాత్రం ‘అదే తగ్గుతుందిలే’ అని ఊరుకుంటాం. రాత్రంతా కొట్టం కాచేది ఆ కుక్కే. వేరుశనగ చేలో పందులు దిగితే మొరిగి మనల్ని లేపేదీ, గొర్రెల మంద వెంట ఆమడల కొద్దీ నడిచేదీ ఆ కుక్కే. అటువంటి దాని ఒంటిమీద ఒక కంతి లేచిందనుకోండి, ఏం చేస్తాం? పట్నం పోయేవారితో ఏదో ఒక మాత్రల పట్టీ తెప్పిస్తాం.

జూబిలీ బస్ స్టేషనులో సిద్దిపేట బస్సో, కరీంనగర్ బస్సో ఎక్కితే అది సికిందరాబాదు కంటోన్మెంటులోని కార్ఖానా మీదుగానే పోతుంది. ఆ బాటన మందుల దుకాణాలకు కొదువ లేదు. డాక్టరు చీటీ లేకుండా దొరికే మందులూ ఉన్నాయి. చీటీ ఉండాలని చట్టం చెప్పినా, బతిమాలితే దొరికే మందులూ ఉన్నాయి. కార్ఖానా అంటే పనిచోటు. ముడి సరుకు పనిముట్టుగా మారాలంటే కార్ఖానాలో పడి రావాలి. మందు సంగతీ అంతే. ఆకో, పాషాణమో, నొప్పి మాత్రో రాచపుండుకు మందు కావాలంటే ఏ పని జరగాలో, ఆ పని జరగకుండా వాడితే ఏమయిందో చరిత్ర చూపుతున్నది. ఈనాటి ప్రసంగ విషయం అదే.

మొదట పాషాణం సంగతి చూద్దాం. 1786లో ఇంగ్లండులో థామస్ ఫౌలర్ అనే వైద్యుడు పాషాణం కలిసిన ఒక చుక్కల మందును గురించి ప్రకటించాడు. తర్వాత నూరేళ్ళకు పైగా ఆ చుక్కలు బలానికని, చర్మరోగాలకని మనుషులకు పోశారు. వెంట్రుక నిగనిగలాడటానికని గుర్రాలకు, కుక్కలకు కూడా పోశారు. 1865లో జర్మనీలో లిస్సావర్ అనే వైద్యుడు రక్తపు రాచపుండుకు దానిని వాడితే కొంత గుణం కనిపించింది. ఇంకేముంది, దానికి గొప్ప పేరు వచ్చింది. కాని 1880ల చివరలో లండనులో జొనాథన్ హచిన్సన్ మరొక సంగతి బయటపెట్టాడు. పాషాణం ఏళ్ళ తరబడి తిన్నవారి చర్మం మీద రాచపుండే పుడుతున్నదని ఆయన గమనించాడు. రోగం పోగొడుతుందని తాగిన మందే రోగాన్ని పుట్టించిందన్నమాట.

ఇక కుక్కల కంతుల విషయానికి వద్దాం. మన ఊరకుక్కల్లో తరచు కనిపించే కంతి ఒకటున్నది. అది మగకుక్కకైనా, ఆడకుక్కకైనా జననాంగం వద్ద లేస్తుంది. కాలీఫ్లవరు పువ్వువలె గరుకుగా, ఎర్రగా ఉండి, తాకితే నెత్తురు కారుతుంది. ఆడకుక్కకు వస్తే ఎదకు వచ్చిందేమోనని మనం పొరబడతాం. ఒక్కొక్కప్పుడు ముక్కులోనూ లేస్తుంది. 1876లో రష్యా దేశంలో నొవిన్స్కీ అనే పశువైద్యుడు ఈ కంతి తునకను ఒక కుక్క నుండి మరొక కుక్కకు అంటించి చూపాడు. కంతిని ఒక జీవి నుండి మరొక జీవికి మార్చడం అదే మొదలు. ఇది పురుగు వల్ల వచ్చే అంటు కాదు. కంతిలోని జీవకణమే జత కట్టినప్పుడు, మూతితో నాకినప్పుడు, వాసన చూసినప్పుడు ఇంకొక కుక్క ఒంటిలో పడి మొలకెత్తుతుంది. 2019లో శాస్త్రజ్ఞులు 43 దేశాల కుక్కల నుండి 546 కంతులను తెచ్చి పోల్చి చూశారు. ఇవన్నీ నాలుగు వేల నుండి ఎనిమిదిన్నర వేల ఏళ్ళ క్రితం, బహుశా ఆసియాలో, ఒకే ఒక్క కుక్కలో పుట్టిన కంతికి సంతానమని తేల్చారు. కావున ఊళ్ళో ఒక కుక్కకు వైద్యం చేయించకపోతే అది ఆ ఇంటి బాధతో పోయేది కాదు, ఊరికంతా పాకుతుంది.

దీనికి మంచి మందున్నది. ఆ మందు పుట్టిన మొక్క మన పెరటిలోనే ఉన్నది. అది బిళ్ళగన్నేరు. దాని పుట్టిల్లు మడగాస్కర్ దీవి. దేశదేశాల పల్లెల్లో దాని ఆకు కషాయాన్ని మధుమేహానికి తాగేవారు. 1952లో జమైకా నుండి కొన్ని ఆకులు కెనడా చేరాయి. అక్కడ రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే ఇద్దరు పరిశోధకులు చక్కెర తగ్గుతుందేమోనని ఎలుకలకు ఆ రసం నోటి ద్వారా పోశారు. ఏ గుణమూ కనిపించలేదు. సూది ద్వారా ఎక్కిస్తే ఎలుకలు కొద్ది రోజుల్లో అంటురోగాలతో చచ్చిపోయాయి. ఎందుకని వెదకితే, రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు పడిపోయాయి. చక్కెర మందు వెదకబోతే, పెరిగే కణాన్ని ఆపే మందు దొరికింది. 1958లో వారు విన్‌బ్లాస్టిన్‌ను ప్రకటించారు. అదే కాలంలో అమెరికాలోని ఎలీ లిల్లీ కంపెనీవారు అదే ఆకు నుండి విన్‌క్రిస్టిన్‌ను వేరు చేశారు. 1963లో దానికి అక్కడ అనుమతి వచ్చింది. ఈనాడు కుక్కల అంటు కంతికి పశువైద్యులు ఇచ్చేది ఆ విన్‌క్రిస్టినే. వారానికొక సూది చొప్పున సాధారణంగా నాలుగు నుండి ఆరు సూదులు సరిపోతాయి. పదింట తొమ్మిది కుక్కలు పూర్తిగా కోలుకుంటాయి.

‘ఆకు ఇంట్లోనే ఉంటే సూది ఎందుకు? నూరి పోద్దాం’ అని ఎవరైనా అనవచ్చు. ఇక్కడ కొంచెం లెక్క వేయాలి. ఒక గ్రాము విన్‌క్రిస్టిన్ తీయడానికి సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. అంటే అయిదు లక్షల పాళ్ళ ఆకులో ఒక పాలు మందు. పదిహేను కిలోల కుక్కకు ఒక సూదిలో పట్టేది అర మిల్లీగ్రాముకు లోపు; ఆవగింజంత బరువు కూడా ఉండదు. అది కొంచెం తగ్గితే కంతి చావదు. కొంచెం పెరిగితే కుక్క చస్తుంది. ఆ ఆకులో ఇంకా నూరుకు పైగా క్షారపదార్థాలున్నాయి, వాటిలో విషాలూ ఉన్నాయి. ఈ ఆకులో ఎంత ఉందో, ఆ ఆకులో ఎంత ఉందో కంటితో చెప్పలేం. పైగా ఈ మందు నోటి ద్వారా సరిగా ఒంటబట్టదు. సిరలోకే ఎక్కించాలి, సిర తప్పి కండలో ఒలికితే ఆ కండ కుళ్ళిపోతుంది. అందుకే ఇది చేయి తిరిగిన పశువైద్యుడు చేయవలసిన పని. బిళ్ళగన్నేరు ఆకు మందే, కాని కార్ఖానా దాటిన తరువాతనే మందు.

బలం మందులని టానిక్కులు పోసేవారూ ఉన్నారు. వాటితో హాని ఏముందని వారి వాదన. దీనికి మన తెలుగుబిడ్డ కథే జవాబు చెబుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళి, 1940 నుండి లెడర్లీ కంపెనీలో పరిశోధన నడిపారు. ఫోలిక్ ఆమ్లమనే విటమినును తయారుచేయడంలో ఆయన బృందం ముందు నిలిచింది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తపు రాచపుండు ఉన్న పిల్లలకు ఆ విటమిను జాతి మందులు ఇచ్చి చూశాడు. రోగం తగ్గకపోగా జోరు హెచ్చినట్లు కనిపించింది. అప్పుడు ఆలోచన తిరగబడింది. విటమిను రోగానికే ఎరువవుతుంటే, విటమినును అడ్డే మందు రోగాన్ని ఎండగట్టాలి కదా! సుబ్బారావుగారి బృందం అటువంటి అమినోప్టెరిన్‌ను తయారుచేసి ఇచ్చింది. దానితో కొందరు పిల్లలు కొంతకాలం తేరుకున్నారని 1948లో ఫార్బర్ ప్రకటించాడు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉన్నది. సుబ్బారావుగారు అదే ఏడు కన్నుమూశారు. ఈ కథలో మనం గ్రహించవలసింది ఒక్కటే. చేనికి వేసిన ఎరువు పైరుకే చేరుతుందని లేదు, కలుపుకూ చేరుతుంది.

నొప్పి మాత్రల కథ ఇంకొక రకం. కీళ్ళ నొప్పికి వాడే పైరాక్సికామ్ అనే మాత్ర కొన్ని కుక్కలకు నొప్పి తగ్గడానికని ఇస్తే, వాటి ఒంట్లో ఉన్న కంతులు కూడా తగ్గడం పశువైద్యుల కంటబడింది. వారు దానిని అక్కడితో వదలలేదు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మూత్రాశయపు రాచపుండు ఉన్న 34 కుక్కలకు కొలత ప్రకారం ఇచ్చి, 1994లో ఫలితం ప్రకటించారు. రెండింటికి కంతి పూర్తిగా పోయింది. నాలుగింటికి కొంత తగ్గింది. పద్దెనిమిదింటికి పెరగక ఆగింది. పదింటికి రోగం పెరుగుతూనే పోయింది. అది గుణమే, కాని అద్భుతం కాదు. పైగా అది ఒక జాతి కంతికి వర్తించిన మాట. దీనిని చూసి ‘నొప్పి మాత్ర ఏదైనా ఒకటే’ అనుకోవడం ప్రమాదం. మనకు ఒళ్ళు నొప్పులకు పనికివచ్చే ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం చెడుతుంది. ఇక ప్రెడ్నిసోలోన్ వంటి స్టిరాయిడ్ మాత్రలున్నాయి. కొన్ని కంతులు వాటితో నాలుగు రోజులు కుంగుతాయి, మనం సంతోషిస్తాం. తరువాత అసలు మందు ఇస్తే కంతి లొంగనంత మొండిగా తయారవుతుంది.

ఈమధ్య నట్టల మందుకు కూడా ఈ పేరు వచ్చింది. ఫెన్‌బెండజోల్ కుక్కల పేగుల్లోని నట్టలకు మంచి మందు. 2008లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌వారు చుంచుల మీద చేసిన ఒక పనిలో, ఈ మందు విటమినులతో కలిసినప్పుడు కంతి పెరుగుదల తగ్గింది. మందు ఒక్కటే ఇచ్చినప్పుడు తగ్గలేదు. 2013లో యేల్ విశ్వవిద్యాలయంవారు మరొక జాతి కంతి మీద చూస్తే చుంచులలో గుణం కనిపించలేదు. ఇంతలో ఫలానా వారికి నయమయిందని మాట పాకింది. 2019లో దక్షిణ కొరియాలో మనుషులే కుక్కల నట్టల మందు కోసం ఎగబడితే ప్రభుత్వం హెచ్చరించవలసి వచ్చింది. నట్టలకు తప్పక పోయించండి. కంతికని పోయించి కాలం పోగొట్టుకోకండి.

మరి ‘మా ఊళ్ళో ఫలానా కుక్కకు తగ్గింది కదా’ అంటారు. అది అబద్ధమని నేననను. అంటు కంతి ఒక్కొక్కప్పుడు ఏ మందూ లేకుండానే తనంతట తాను కరిగిపోతుంది. ఆ రోజుల్లో ఏది పూసినా దానికే పేరు దక్కుతుంది. ఒక కుక్క మాట అటుంచి, ఎన్నో కుక్కలను చూసి కూడా పొరబడవచ్చు. మన హైదరాబాదులోనే 1888లోను, 1889లోను నిజాం ప్రభుత్వ ఖర్చుతో ఎడ్వర్డు లారీ అనే డాక్టరు క్లోరోఫారం మత్తును కుక్కల మీద పరీక్షింపజేశాడు. శ్వాసను కనిపెట్టి ఉంటే గుండెకు భయం లేదని ఆ సంఘం తేల్చింది. 1911లో లెవీ అనే పరిశోధకుడు, క్లోరోఫారం గుండెనే హఠాత్తుగా ఆపగలదని నిరూపించాడు. పరీక్షించిన మాటకే ఇంత కష్టముంటే, పరీక్షలేని మాటను ఏం నమ్ముతాం?

ఇక చేయవలసిన పని చెబుతాను. కంతి కనిపించిన రోజే దాని చోటు, సైజు రాసిపెట్టుకోండి. పెసరగింజంతా, రేగుపండంతా, నిమ్మకాయంతా అన్నది చాలు. వారంలోగా పశువైద్యశాలకు తీసుకొని పోండి. సన్నని సూదితో రవ్వంత తీసి అద్దం పలక మీద పూసి సూక్ష్మదర్శినిలో చూస్తే, చాలా కంతుల జాతి తెలుస్తుంది. జాతి తెలియకుండా మందు వేయడం, విత్తనమేదో తెలియకుండా చేను చల్లడం వంటిది. 1946లో మొదలయిన హైదరాబాదు పశువైద్య కళాశాల రాజేంద్రనగరంలో ఉన్నది. మీ దగ్గరి వైద్యుడు అవసరమనుకుంటే అటువంటి చోటికి రాసి పంపుతాడు.

విన్‌క్రిస్టిన్ సూది వేసిన కుక్క మలమూత్రాలను కొన్ని రోజులు చేతితొడుగు లేకుండా ముట్టకండి. పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచండి. నాలుగు సూదులు చెప్పిన చోట రెండింటితో ఆపకండి. పైకి కంతి కరిగినా లోపల వేరు మిగలవచ్చు. కంతి పోయేదాకా కుక్కను జత కట్టనివ్వకండి.

ఆడకుక్క పొదుగు వరుసలో గడ్డలు లేస్తే అది వేరే జాతి. వాటిలో సుమారు సగం చెడ్డవే. వాటికి కత్తి వైద్యమే ముఖ్యం, అదీ చిన్నగా ఉన్నప్పుడే. మొదటి ఎదకు ముందే పిల్లలు పుట్టని ఆపరేషను చేయిస్తే ఈ గడ్డలు చాలా అరుదని 1969లో కాలిఫోర్నియా పరిశోధకులు ప్రకటించారు. ఆ అంకెలు ఎంత కచ్చితమని తరువాతివారు ప్రశ్నించినా, ఆపరేషను వల్ల ఊరకుక్కల సంఖ్య, అంటు కంతి రెండూ తగ్గుతాయనేది మాత్రం నిశ్చయం.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. రైతు దుకాణంలో మాత్ర కొన్నాడంటే అతనికి కుక్క మీద ప్రేమ లేక కాదు. ఆసుపత్రి దూరమై, కుక్కకు వైద్యమున్నదని తెలియక కొన్నాడు. అతన్ని కోప్పడకండి. ఏ రోజున వైద్యుడుంటాడో, ఎన్ని వారాలు రావాలో, సుమారు ఎంత ఖర్చవుతుందో ముందే కనుక్కొని చెప్పండి. ఆ మూడు మాటలు తెలిస్తే చాలామంది దుకాణం దాటి ఆసుపత్రికి వస్తారు.

రైతు సోదరులారా! బిళ్ళగన్నేరు మన పెరటి మొక్క, సుబ్బారావుగారు మన గోదావరి సీమవారు. మందు దూరదేశపు మాయ కాదు. అయినా ఆకుకు, మందుకు నడుమ కొలత ఉన్నది, పరీక్ష ఉన్నది, దానిని వేసే వైద్యుడి చేయి ఉన్నది. మన వాకిలి కాచే కుక్కకు ఆ మూడూ అందేటట్లు చూద్దాం.