గాంధారి దివ్యదృష్టి

గాంధారి మహాభారతంలో గాంధార రాజైన సుబలుని కుమార్తె, ధృతరాష్ట్రుని భార్య, కౌరవుల తల్లి, శకుని సోదరి. పుట్టుగుడ్డి అయిన భర్తకు లేని చూపు తనకూ అక్కరలేదని కళ్ళకు గంతలు కట్టుకొని జీవించిన స్త్రీగా ఈమె ప్రసిద్ధురాలు. కురుక్షేత్ర యుద్ధం ముగిసిన తరువాత వ్యాసుని అనుగ్రహం వలన లభించిన దివ్యదృష్టితో ఈమె దూరం నుండే రణరంగాన్ని సమస్తం చూసినట్లు స్త్రీపర్వం చెబుతున్నది. కళ్ళు మూసుకొని ఉండి కూడా ఇతరులకంటే ఎక్కువ చూసిన పాత్రలలో ఈమెది ప్రాచీనమైన ఉదాహరణ.

వివాహం, గంతలు

ఈ కథ ఆదిపర్వంలో ఉన్నది. నూరుగురు కుమారులు కలిగేటట్లు గాంధారి శివుని వలన వరం పొందిందని విని, భీష్ముడు ధృతరాష్ట్రునికి ఆమెనిచ్చి వివాహం చేయవలసిందిగా సుబలుని వద్దకు దూతలను పంపాడు. వరుడు అంధుడు కావడం వలన సుబలుడు మొదట సందేహించాడు. తరువాత కురువంశపు కీర్తిని, కులాన్ని, నడవడిని ఆలోచించి అంగీకరించాడు. ఈ సంగతి తెలిసిన గాంధారి ఒక వస్త్రాన్ని పలు మడతలు పెట్టి కళ్ళకు కట్టుకొన్నది. భర్తలో లోపం ఎంచే అవకాశం తనకు కలుగరాదన్నది ఆమె సంకల్పం. శకుని ఆమెను హస్తినాపురానికి తీసుకొనివచ్చి వివాహం జరిపించాడు.

గంతలు వివాహానికి ముందే కట్టుకొన్నందున ఆమె తన భర్తను గాని, బిడ్డలను గాని మామూలు కంటితో చూడలేదు. రెండు సంవత్సరాల గర్భం తరువాత పుట్టిన మాంసపిండాన్ని వ్యాసుడు నూటొక్క భాగాలు చేయించి నేతికుండలలో పెట్టించగా, వాటి నుండి నూరుగురు కుమారులు, దుస్సల అనే కుమార్తె జన్మించారు.

దీర్ఘదర్శిని

కళ్ళు మూసుకొన్నా గాంధారి రాబోయే కీడును ముందుగా గుర్తించింది. సభాపర్వంలో రెండవసారి జూదానికి పాండవులను పిలిపించబోయినప్పుడు, కులనాశకుడైన దుర్యోధనుని విడిచిపెట్టవలసిందిగా భర్తకు హితవు చెప్పింది. ధృతరాష్ట్రుడు వినలేదు.

ఉద్యోగపర్వంలో కృష్ణుని రాయబారం విఫలమయ్యే సమయంలో ధృతరాష్ట్రుడు విదురుని పంపి గాంధారిని సభకు పిలిపించాడు. ఆ సందర్భంలో అతడు ఆమెను "దీర్ఘదర్శిని" అని పేర్కొన్నాడు. దూరం చూడగలిగినది అని ఈ మాటకు అర్థం. సభకు వచ్చిన గాంధారి ముందుగా భర్తనే తప్పుపట్టింది. కుమారుని దుర్బుద్ధి తెలిసి కూడా పుత్రప్రేమతో అతని వెంట నడిచావని నిందించింది. తరువాత దుర్యోధనునికి సంధి చేసుకొమ్మని బోధించింది. అతడు ఆమె మాటను లెక్కచేయక సభ నుండి వెళ్ళిపోయాడు. యుద్ధకాలంలో జయం కోరి దీవించమని దుర్యోధనుడు అడిగినప్పుడు కూడా, ధర్మం ఎక్కడ ఉంటే గెలుపు అక్కడ ఉంటుందని మాత్రమే ఆమె పలికింది.

ధర్మరాజు గోళ్ళు

యుద్ధానంతరం పాండవులు గాంధారి వద్దకు వచ్చారు. పుత్రశోకంతో ఆమె ధర్మరాజును శపించబోతున్నదని గ్రహించిన వ్యాసుడు ముందుగానే వచ్చి, ఆమె స్వయంగా పలికిన ధర్మవాక్యాన్ని గుర్తుచేసి శాంతపరచాడు. భీముడు దుర్యోధనుని నాభికి దిగువన కొట్టినందుకు, దుశ్శాసనుని నెత్తురు తాగినందుకు సంజాయిషీ చెప్పుకొన్నాడు. నెత్తురు తన పెదవులను దాటి లోపలికి పోలేదని అతడు చెప్పాడు. నూరుగురిలో తక్కువ అపరాధం చేసిన ఒక్కరినైనా ఎందుకు మిగల్చలేదని గాంధారి అడిగింది.

తరువాత ధర్మరాజు వణుకుతూ వచ్చి, తప్పంతా తనదేనని, తనను శపించమని అన్నాడు. గాంధారి సమాధానం చెప్పలేదు. పాదాలపై వాలబోతున్న ధర్మరాజు వేళ్ళ కొనలు గంతల సందు నుండి ఆమె కంటబడ్డాయి. ఆ చూపు తాకి అతని అందమైన గోళ్ళు వికారమయ్యాయి. ఇది చూసి అర్జునుడు కృష్ణుని వెనుకకు తప్పుకొన్నాడు. తరువాత ఆమె కోపం ఉపశమించి పాండవులను తల్లివలె ఓదార్చింది.

రణరంగ దర్శనం

దీని తరువాతి ఘట్టంలో గాంధారి ఉన్నచోటనే ఉండి, దూరాన ఉన్న యుద్ధభూమిని దగ్గర ఉన్నట్లుగా చూసింది. తాను చూసినదానిని ఒక్కొక్కటిగా కృష్ణునికి వర్ణించింది. ఆమె చెప్పినవాటిలో ముఖ్యమైనవి:

* జుట్టు విడివడిన కోడళ్ళు, తెగిన తలలను మొండేలకు చేర్చి చూసి, ఇది ఇతనిది కాదని ఏడ్చే స్త్రీలు
* నేలమీద పడి ఉన్న దుర్యోధనుడు, భర్తను, కుమారుడైన లక్ష్మణుని చూసుకొంటున్న అతని భార్య
* ఏనుగుల కళేబరాల నడుమ పడి ఉన్న వికర్ణుడు, అతని మీద వాలే గద్దలను తోలలేకపోతున్న అతని భార్య
* అభిమన్యుని శరీరంపై నెత్తురు తుడుస్తున్న ఉత్తర
* సైంధవుని తల కనబడక వెదుకుతూ పరుగెత్తుతున్న తన కుమార్తె దుస్సల
* భూరిశ్రవుని తెగిన చేతిని ఒడిలో పెట్టుకొన్న అతని భార్య
* అంపశయ్యపై ఉన్న భీష్ముడు, నిహతులైన కర్ణుడు, ద్రోణుడు, శకుని

ఈ వర్ణనలో ఇరుపక్షాల మృతులూ ఉన్నారు. జీవితమంతా బిడ్డలను చూడని తల్లికి మొదటిసారి కలిగిన చూపు వారి శవాలను చూడడానికే ఉపయోగపడింది. ఈ చూపే శాపానికి దారితీసింది. ఆపగల శక్తి ఉండి కూడా కృష్ణుడు ఉపేక్షించాడని నిందించి, ముప్పై ఆరవ సంవత్సరంలో యాదవులు తమలో తాము కొట్టుకొని నశిస్తారని, కృష్ణుడు హీనమైన రీతిలో మరణిస్తాడని గాంధారి శపించింది. కృష్ణుడు చిరునవ్వుతో అంగీకరించినా, దుర్యోధనుని దోషాన్ని సహించిన తప్పు ఆమెలోనూ ఉన్నదని చెప్పాడు. గాంధారి మౌనం వహించింది. ఈ శాపఫలం మౌసలపర్వంలో కనిపిస్తుంది.

ధృతరాష్ట్రునితో పోలిక

యుద్ధానికి ముందు వ్యాసుడు ధృతరాష్ట్రునికి కూడా చూపు ఇస్తానన్నాడు. జ్ఞాతివధను చూడలేనని, వింటే చాలునని అతడు నిరాకరించాడు. అందుచేత దివ్యదృష్టి సంజయునికి లభించింది. చూపు లేనివాడు చూడనన్నాడు, చూపు వదులుకొన్నామె అంతా చూసింది. ఆశ్రమవాసపర్వంలో వ్యాసుడు యుద్ధమృతులను ఒక రాత్రి గంగానది నుండి పైకి రప్పించినప్పుడు మాత్రం దంపతులిద్దరూ తమ కుమారులను చూడగలిగారు.

వజ్రశరీరం కథ

గాంధారి ఒకసారి గంతలు విప్పి నగ్నంగా నిలిచిన దుర్యోధనుని చూసిందని, కృష్ణుని మాట విని అతడు తొడలు కప్పుకొన్నందున ఆ భాగం తప్ప మిగిలిన శరీరం వజ్రమయ్యిందని ఒక కథ ప్రచారంలో ఉన్నది. బి.ఆర్.చోప్రా నిర్మించిన మహాభారత్ టీవీ ధారావాహిక (1988-1990) దీనికి మరింత ప్రచారం కల్పించింది. వ్యాసభారతంలో ఈ కథ లేదు. అయితే వనపర్వంలో, దుర్యోధనుని పై శరీరాన్ని శివుడు వజ్రంతోను, దిగువ శరీరాన్ని దేవి పువ్వులతోను నిర్మించారని దానవులు అతనితో చెబుతారు. తొడలు విరగడానికి భీముని ప్రతిజ్ఞ, మైత్రేయుని శాపం కారణాలుగా మూలంలో ఉన్నాయి.

సాహిత్యంలో

ఆంధ్రమహాభారతంలో గాంధారి వివాహఘట్టం నన్నయ రచించిన ఆదిపర్వంలోను, రణరంగ దర్శనం తిక్కన రచించిన స్త్రీపర్వంలోను ఉన్నాయి. ధర్మవీర్ భారతి హిందీ నాటకం "అంధాయుగ్" (1954) లో గాంధారి ప్రధాన పాత్రలలో ఒకటి. ఇరావతీ కర్వే మరాఠీ గ్రంథం "యుగాంత" లో ఒక అధ్యాయం గాంధారిని గురించినది. ఈ గ్రంథానికి 1968లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

గాంధారి గంతలను పాతివ్రత్యానికి చిహ్నంగా భావించడం సంప్రదాయం. అంధునికిచ్చి పెళ్ళి చేసినందుకు అది ఆమె మౌన నిరసన అని, తల్లిగా చూడవలసినవి చూడకపోవడానికి కారణమైనదని ఆధునికులు కొందరు భావించారు.

ఆధునిక కల్పనలో ఇటువంటి పాత్రలు

* ల్యూక్ స్కైవాకర్ - స్టార్ వార్స్ (1977) చిత్రంలో కళ్ళు కనబడకుండా శిరస్త్రాణపు తెర దించుకొన్నాకనే గాలిలో తిరిగే గోళపు దాడులను అడ్డుకోగలుగుతాడు.
* కెన్షి - మోర్టల్ కోంబాట్: డెడ్లీ అలయెన్స్ (2002) వీడియో గేమ్‌లో పరిచయమైన అంధ ఖడ్గవీరుడు. కళ్ళకు గంతలతో, మనశ్శక్తితో పోరాడతాడు.
* గోజో సతోరు - గెగె అకుతమి రచించిన జుజుత్సు కైసెన్ (2018లో ప్రారంభం) జపనీస్ చిత్రకథలోని పాత్ర. అవసరానికి మించి చూడగల కళ్ళ శ్రమను తగ్గించడానికి గంతలు ధరిస్తాడు.

ఈ పాత్రలకు గంతలు పోరాటంలో బలాన్నిస్తాయి. గాంధారికి దివ్యదృష్టి గెలుపును కాక దుఃఖాన్ని చూపింది.

ఇవి కూడా చూడండి

* ధృతరాష్ట్రుడు
* సంజయుడు
* స్త్రీపర్వం
* మౌసలపర్వం