తరగతి గదిలో తెర: మన చలనచిత్ర అధ్యయనం నడిచిన దారి

భారతదేశంలో చలనచిత్రాన్ని కళగా అధ్యయనం చేయడం 1960లో పుణేలోని ప్రభాత్ స్టూడియో ఆవరణలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ నెలకొనడంతో మొదలై, 1993లో కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో ప్రత్యేక శాఖ ఏర్పడటంతో స్థిరపడిందని సాధారణంగా రాస్తుంటారు. తేదీలు సరైనవే గాని, సినిమా తీయడం నేర్పడానికీ తీసిన సినిమాను పరిశీలించడం నేర్పడానికీ ఉన్న తేడా ఈ కథనంలో మరుగున పడింది. ఎస్.కె. పాటిల్ కమిటీ 1951లో సిఫారసు చేసిన ఇన్‌స్టిట్యూట్ ముఖ్యంగా పరిశ్రమకు నిపుణులను అందించడానికి ఉద్దేశించినది. చూసిన సినిమాను చర్చకు పెట్టే అలవాటు అంతకుముందే, 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా తదితరులు నెలకొల్పిన కలకత్తా ఫిల్మ్ సొసైటీలో రూపుదిద్దుకుంది.

అసలు మలుపు 1964లో పుణేలోనే ఏర్పడిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ అని చెప్పడానికి బలమైన కారణాలున్నాయి. సాహిత్య విద్యార్థి చేతిలో పుస్తకం ఉన్నట్టు సినిమా విద్యార్థికి ప్రింటు దొరకనంతకాలం, అతని విమర్శ ఒకసారి చూసిన జ్ఞాపకం మీదే ఆధారపడక తప్పలేదు. ఆ ఆర్కైవ్‌లో పి.కె. నాయర్ ప్రింట్లు సేకరించి భద్రపరచడం, ఆగ్రాలో ఫిల్మ్ సొసైటీ నడిపి పుణే ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చిన సతీష్ బహదూర్ రాయ్ చిత్రం ‘పథేర్ పాంచాలి’ని షాటు షాటుగా విడదీసి బోధించడం పరస్పరం ఆధారపడిన పనులు. ఫిల్మ్ అప్రిసియేషన్, అంటే చిత్ర నిర్మాణరీతిని గమనిస్తూ రసాస్వాదన చేయడం, బోధనాంశంగా నిలబడింది ఈ కలయిక వల్లనే. 1965లో కొద్దికాలం ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన దర్శకుడు రిత్విక్ ఘటక్ ప్రభావాన్ని తక్కువ చేయనక్కరలేదు గాని, ఆ ప్రభావం ప్రధానంగా కాబోయే దర్శకుల మీద పడింది.

అయితే ఆర్కైవ్ ఒక్కటే సమస్తాన్నీ వివరించదు. ప్రింట్లు పుణేలో ఉండగా మిగతా విశ్వవిద్యాలయాలు మూడు దశాబ్దాలు కదలకపోవడానికి జనరంజక సినిమా పట్ల పండితులకున్న చిన్నచూపు కూడా కారణమే. ఫిల్మ్ సొసైటీలు సైతం ఐరోపా చిత్రాలను ఆదరించినంతగా మన పౌరాణికాలను ఆదరించలేదు. ఆపి, వెనక్కి తిప్పి చూసే వీలును వీడియో క్యాసెట్ ఇంటికి తెచ్చిన తరువాతే ఎం. మాధవ ప్రసాద్ (1998) హిందీ సినిమాపైనా, ఎస్.వి. శ్రీనివాస్ చిరంజీవి, అభిమాన సంఘాలపైనా చేసిన పరిశోధనలు వచ్చాయి.

టెలివిజన్‌కు ఇంతటి భాగ్యం కూడా దక్కలేదు. ఆంధ్రప్రదేశ్ పల్లెలకూ చేరిన 1975-76 నాటి ఉపగ్రహ బోధనా ప్రయోగం గాని, 1984లో యూజీసీ ప్రారంభించిన దూరదర్శన్ పాఠాలు గాని టెలివిజన్‌ను పాఠం మోసే వాహనంగానే చూశాయి. దానికీ ఒక శిల్పం ఉంటుందన్న ఆలోచన పాఠ్యప్రణాళికల్లో బలంగా వేళ్లూనలేదు.

నేడు తెలుగునాట మాస్ కమ్యూనికేషన్ కోర్సులు పెరిగాయి. వాటిలో కెమెరాకూ ఎడిటింగ్‌కూ దక్కే చోటు చూపుకు పదును పెట్టే పఠనానికి దక్కడం లేదు. తెలుగు సినిమాపై లోతైన పరిశోధన సైతం ఎక్కువగా ఇంగ్లీషులోనే వెలువడుతుండగా, డిగ్రీ విద్యార్థికి తెలుగులో సరైన పాఠ్యగ్రంథం అందించకుండా శాఖల సంఖ్యను ప్రగతిగా లెక్కించడం తొందరపాటే. రెండున్నర గంటల చిత్రానికి అమర్చుకున్న విశ్లేషణ పద్ధతి వందల ఎపిసోడ్లు సాగే సీరియల్‌కు ఎంతవరకు సరిపోతుందో మన తరగతి గదులు ఇంకా గట్టిగా పరీక్షించనే లేదు.