దాద్, దద్దురు, తామర
పాతబస్తీ మందుల దుకాణాల్లో ఒంటిమీద లేచిన ప్రతి ఎర్రమచ్చకూ "దాద్ మందు" అడిగేవాళ్లు ఉంటారు. సంస్కృత దద్రు ప్రాకృతంలో దద్దు అయి, ఉర్దూ, హిందీల్లో దాద్‌గా నిలిచింది. తెలుగు దద్దు, దద్దురు కూడా ఆ కుదురువే. ఉర్దూ కవిసభ ముషాయిరాలో కవికి మెచ్చుకోలుగా దక్కే దాద్ మాత్రం వేరు. అది న్యాయమనే అర్థమున్న పారశీక పదం. మన "దాదూ ఫిర్యాదూ లేదు"లో ఉన్నది అదే. దద్రు అంటే పూర్వం ముఖ్యంగా తామర. అందుకే తామరకు వాడే తగిరిసకు దద్రుఘ్నమని పేరు; సీమ అవిసెనైతే మెట్టతామర అనే అన్నారు. ఉర్దూ ఆ పాత అర్థాన్ని వదల్లేదు. తెలుగులో దద్దురంటే దురదతో ఉబ్బి, గంటల్లో అణిగేది. ఉర్దూలో దాన్ని పిత్తీ అంటారు, పిత్తం నుంచి వచ్చిన మాట. ఈ పేర్లు కలగలిస్తే వైద్యమూ తప్పుతుంది. తామరకు కారణం శిలీంధ్రం. స్టిరాయిడ్ పూస్తే ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల శిలీంధ్రం పాకిపోతుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్నది ఇందుకే. దద్దురుకు దాన్ని రేపిన తిండినో మందునో కనిపెట్టి మానాలి. పసిపిల్లల తొడల సందుల్లో తడిగుడ్డ ఒరుసుకుని కందేది ఈ రెండూ కాదు. పొడిగా ఉంచి జింక్ ఆక్సైడ్ పూస్తే చాలావరకు తగ్గుతుంది. దద్దురుతో పాటు పెదవులు వాచినా, ఊపిరి అందకపోయినా దుకాణానికి కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.