సెకండ్‌ హ్యాండ్‌ ఈకో నడుపుతున్నారా? రీకాల్‌ పని పూర్తయిందో లేదో చూసుకోండి

మేడ్చల్‌లో జాతీయ రహదారి 44 మీద, శామీర్‌పేటలో రాజీవ్‌ రహదారి మీద సరుకులతోనో మనుషులతోనో మారుతీ ఈకోలు తిరుగుతూనే ఉంటాయి. ఈ వ్యాన్‌ యజమానులు తెలుసుకోవాల్సిన రీకాల్‌ ఒకటుంది.

2021 జులై 5 నుంచి 2023 ఫిబ్రవరి 15 మధ్య తయారైన 87,599 ఈకో, ఎస్‌-ప్రెసో వాహనాలను మారుతీ సుజుకీ 2023 జులైలో వెనక్కి పిలిచింది. స్టీరింగ్‌ టై రాడ్‌లోని ఒక భాగంలో లోపం ఉండొచ్చన్నది అనుమానం. స్టీరింగ్‌ తిప్పితే ముందు చక్రాలు తిరిగేది ఈ రాడ్‌ వల్లే. అరుదుగానైనా ఆ భాగం విరిగితే బండి మాట వినదు. తనిఖీ, అవసరమైతే భాగం మార్పు ఉచితం.

అన్ని రీకాల్స్‌ ఇంత తీవ్రమైనవి కావు. 2022 ఏప్రిల్‌లో 19,731 ఈకోలను పిలిచింది చక్రం రిమ్‌ సైజు తప్పుగా ముద్రించినందుకే!

చిక్కంతా చేతులు మారిన బళ్లతోనే. కంపెనీ దగ్గర పాత యజమాని ఫోన్‌ నంబరే ఉంటే కబురు ఆయనకే వెళ్తుంది. అందుకే ఆర్సీలోని ఛాసిస్‌ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, లేదా అధీకృత సర్వీస్‌ సెంటర్‌లో అడగండి.

గుంతల్లో టకటక చప్పుడు, స్టీరింగ్‌లో ప్లే, టైర్లు ఒకవైపే అరగడం లాంటివి ఓవర్‌లోడ్‌తోనూ వస్తాయి. అరుగుదల అయితే ఖర్చు మీదే. తయారీ లోపమని అనిపిస్తే వాహన్‌ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. 2021 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఏడేళ్లలోపు వాహనాలకే ఇది వర్తిస్తుంది. ప్రభుత్వమే రీకాల్‌కు ఆదేశిస్తే కంపెనీకి రూ.కోటి దాకా జరిమానా పడొచ్చు.