భీమ్‌గల్ నుంచి దుబాయికి ఎంత దూరం?

పటం మీద గీత గీసి కొలిస్తే హైదరాబాదు నుంచి దుబాయికి సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం నాలుగు గంటలకు అటూ ఇటుగా చేరుస్తుంది. తపాలా శాఖలో ఉండి ఏళ్ల తరబడి గల్ఫు ఉత్తరాలు చూసిన నాకు మాత్రం ఈ లెక్క ఎన్నడూ పూర్తిగా తోచలేదు.

ఆ తీరానికి విమానం కొత్తది కాదు. లండన్ నుంచి ఇండియాకు వచ్చే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు 1932లోనే దుబాయి పక్కనున్న షార్జాలో రాత్రి మజిలీ చేసేవి. దుబాయి విమానాశ్రయం 1960లో మొదలైంది. 1973లో చమురు ధరలు పెరిగాక అక్కడ రోడ్లు, రేవులు, మేడలు లేచాయి. ఆ పనికి మనుషులు కావలసి వచ్చారు. భీమ్‌గల్, ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాల యువకులు కదిలారు.

అప్పటి దారి బొంబాయి మీదుగా. నిజామాబాదు చేరి, నిజాం కాలంలో వేసిన మీటర్ గేజి లైనులో మన్మాడ్ దాకా వెళ్లి, అక్కడ బ్రాడ్ గేజి బండి మారాలి. బొంబాయిలో వైద్య పరీక్షలు, వీసా, ఏజెంటు పిలుపు. వీటికోసం ఇరుకు గదుల్లో రోజులూ వారాలూ గడిచేవి. అక్కడినుంచి దుబాయికి 1,930 కిలోమీటర్లే, గాలిలో మూడు గంటలే. అంటే ప్రయాణంలో ఎక్కువ భాగం నేలమీదనే జరిగేది.

2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైంది. ఇప్పుడు భీమ్‌గల్‌లో తెల్లవారుజామున బయలుదేరినవాడు రాత్రికి దుబాయిలో ఉండగలడు.

టికెట్టు చూసి ఇంట్లోవాళ్లు తికమకపడటం సహజం. ఉదయం 10 గంటలకు హైదరాబాదులో ఎక్కినవాడు అక్కడి గడియారం ప్రకారం పన్నెండున్నరకే దిగుతాడు. తిరుగు ప్రయాణంలో అక్కడ 10 గంటలకు ఎక్కితే మన గడియారంలో మూడవుతుంది. పోను రెండున్నర, రాను ఐదు గంటలని అనిపిస్తుంది. నిజానికి దుబాయి సమయం మనకంటే గంటన్నర వెనుక. పైగా చలికాలంలో ఎగువన పడమటి గాలులు బలంగా వీస్తాయి. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెన్నుగాలి. అందుకే అసలు ప్రయాణం వచ్చేటప్పుడే కాస్త తక్కువ.

అయినా నాలుగు గంటల దూరం నుంచి మనిషి ఇంటికి రావడానికి రెండేళ్లు పడుతుంది. ఒప్పందం రెండేళ్లది, సెలవు యజమాని చేతిలో. చాలామందికి పాస్‌పోర్టు కూడా వారి దగ్గరే. ఏజెంటుకు కట్టిన డబ్బుకు ఊళ్లో వడ్డీ నడుస్తుంటుంది. తండ్రి పోయినా కడచూపునకు రాలేకపోయిన కొడుకులు మన పల్లెల్లో ఎందరో! ఇంటిదగ్గర బీడీలు చుట్టి సంసారం ఈదిన ఇల్లాళ్లకు దూరమంటే కిలోమీటర్లు కాదు, ఆ రెండేళ్లే.

ఇంజన్లు తగ్గించగల దూరాన్ని తగ్గించాయి. మిగిలినది కాగితాల దూరం. 1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశాలకు పనివాళ్లను పంపే ఏజెంటు ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి. జీవితమంతా దస్త్రాలు చదివిన విశ్రాంత ఉద్యోగులం మనం. ఇరుగుపొరుగు పిల్లవాడు దుబాయికి బయలుదేరుతుంటే ఏజెంటు నమోదు సంఖ్యను, ఒప్పందంలోని జీతాన్ని, సెలవు షరతును, బీమా పత్రాన్ని ఒకసారి చదివి చెబుదాం. ఆ పనికి అరగంట చాలు.