మందును మింగిన మడి

మందు కొట్టినా పురుగు చావడం లేదన్న మొర మనకు కొత్త కాదు. పురుగు మొండికెత్తిందనో, మందు కల్తీదనో అనుకుంటాం. (విషాన్ని మందు అని పిలుచుకోవడం మన భాష చిత్రం!) ఫిలిప్పీన్స్‌లోని లాస్ బాన్యోస్‌లో, అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ మళ్లలో, మూడో కారణం ఒకటి బయటపడింది. డయాజినాన్ పదేపదే వేసిన మడి నీటిలో ఆ మందు మునుపటికంటె త్వరగా విరిగిపోతోంది. ఇది సూక్ష్మజీవుల పనియేనని ఎన్. సేతునాథన్, ఎం.డి. పాఠక్ 1972లో ప్రకటించారు. మరుసటి ఏడు సేతునాథన్, యోషిదాతో కలిసి, ఆ నీటినుండి ఒక బాక్టీరియాను వేరుచేశారు. డయాజినానే దాని ఆహారం. పారాథియాన్‌ను సైతం అది విరిచివేసింది.

రైతుకు నష్టంగా తోచినది నేలకు లాభమయిందన్నమాట.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉన్నది. పారాథియాన్ ప్రకృతిలో లేదు. జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ దానిని తయారుచేసినది 1940లలో. టాబున్ అనే యుద్ధవిషాన్ని 1936లో కనిపెట్టినవాడూ ఆయనే. మూడు దశాబ్దాలు తిరగకుండానే దానిని విరిచే ఎంజైము మట్టిలోకి ఎట్లా వచ్చింది? అంతకంటె వింత మరొకటి. అమెరికాలో దొరికిన సూడోమొనాస్ డిమిన్యూటా అనే వేరొక బాక్టీరియాలోనూ అదే జన్యువు, ఓపీడీ, కనబడింది. జన్యువును మోసే ప్లాస్మిడ్లు మాత్రం వేరువేరు. రెండు ఖండాలు, ఒకే జన్యువు! దీనికి సమాధానపు కొస మన అనంతపురంలో దొరకడం నాకు అమితానందం కలిగించే విషయం. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో సిద్ధవటం దయానంద బృందం, ఆ జన్యువు ఒకచోటినుండి మరొకచోటికి గెంతగల ట్రాన్స్‌పోజాన్ వంటి అమరికలో ఉన్నదని 2003లో చూపింది. అంటే ఈ విద్య వంశపారంపర్యంగానే కాక, చేబదులుగా కూడ చేతులు మారగలదు.

ఎంజైము పని చూడముచ్చటైనది. దాని నడుమ రెండు లోహపు అణువులు, సహజంగా జింకు, ఒక నీటి అణువును పదునుపెట్టి భాస్వరపు బంధం మీదికి తోలుతాయి. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇట్టి ఎంజైమునే, బాక్టీరియాతో పనిలేకుండ, పొడిగా చేసి కలుషితజలాలలో కలిపి చూశారు.

అయితే పారాథియాన్ విరిగినపుడు పారానైట్రోఫినాల్ మిగులుతుంది. నీరు పచ్చబడుతుంది. ప్రయోగశాలలో విజయానికి గుర్తు ఆ పసుపే. కాని అదీ విషమే, మొదటిదానికంటె తక్కువ. లాస్ బాన్యోస్ బాక్టీరియా దానిని ముట్టదు. ఆ మిగులును తినే సూక్ష్మజీవులు వేరే ఉన్నవి, వాటిని జతచేయవలసిందే.

భారతదేశంలో డయాజినాన్, మిథైల్ పారాథియాన్ రెండూ 2018 ఉత్తర్వుతో నిషిద్ధమయినవి. బాక్టీరియా పేరు సైతం 2010లో స్ఫింగోబియం ఫులిజినిస్‌గా మారిపోయింది.