ఇప్పసారా: ఆబ్కారీ నేరం నుంచి వారసత్వ ముద్ర దాకా

ఉపోద్ఘాతం:

మధ్యభారతపు అడవుల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్పపూలు రాలుతాయి. వాటిని ఏరి, ఎండబెట్టి, కొంత తిండికి దాచుకొని, కొంత నానబెట్టి, పులిసిన తరువాత బట్టీ పెట్టి సారా దించడం గోండు, భీల్ తదితర ఆదివాసీ సమాజాల్లో తరతరాలుగా సాగుతున్న పని. పెళ్లిలోనూ చావులోనూ దేవతల కొలుపులోనూ ఈ సారాకు స్థానం ఉంది. తమిళంలో ఇరుప్పై, కన్నడంలో ఇప్పె, తెలుగులో ఇప్ప అన్న పేర్ల సామ్యమే ఈ చెట్టుతో ద్రావిడ భాషీయులకున్న పాత పరిచయానికి ఆధారం. అదే సారా నేడు సీసాల్లో ‘వారసత్వ మద్యం’గా అమ్మకానికి వచ్చింది. ఆ సీసా మీది పేరు ఏ చరిత్రను గుర్తు చేస్తోంది, దేన్ని మరుగుపరుస్తోంది అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

ఆబ్కారీ చట్టాలు - అడవి:

ఇంటి అవసరానికి దించుకొనే సారా నేరంగా మారడం వలస పాలన కాలపు పరిణామం. ప్రభుత్వానికి ఆబ్కారీ స్థిరమైన ఆదాయం. అది స్థిరంగా ఉండాలంటే తయారీ ఒకచోట జరగాలి, అమ్మకం గుత్తేదారు చేతిలో ఉండాలి. అడవి మధ్యలో ప్రతి గూడెంలోనూ వెలిగే బట్టీ ఈ ఏర్పాటుకు అడ్డు. బొంబాయి ప్రెసిడెన్సీలో 1878 ఆబ్కారీ చట్టం ఈ దిశగా వేసిన పెద్ద అడుగు. అంతటితో ఆగక 1892లో ఠాణా, కొలాబా జిల్లాలను దృష్టిలో ఉంచుకొని ఇప్పపూల మీదనే ఒక చట్టం చేశారు. సారాను కాక పువ్వునే అదుపు చేయబూనిన చట్టమిది. కరువు రోజుల్లో కడుపు నింపే పువ్వు అధికారుల దృష్టిలో దొంగసారాకు ముడిసరుకుగా మాత్రమే మిగిలింది.

తెలుగు నేలపై ఇందుకు సమాంతరంగా నిలిచేది రంప. అక్కడి వివాదం ఇప్పసారాది కాదు, కల్లుది. ఇంటివాడకానికి స్వేచ్ఛగా గీసుకొనే కల్లును ఆబ్కారీ గుత్తకు ఇవ్వడం, దానికి తోడు మునసబుదారు ‘చిగురుపన్ను’ అడగడం 1879 మార్చిలో మొదలైన రంప తిరుగుబాటుకు ప్రధాన కారణాల్లో ఉన్నాయి. చెట్టు చిగురును పన్నుగా లెక్కించిన ఆ పేరు, ఆనాటి పాలన అడవిని చూసిన తీరును ఏ నివేదిక కన్నా సూటిగా చెబుతుంది.

తాగనన్న ఆదివాసులు:

అయితే ఆదివాసీ వారసత్వమంటే సారాయేనన్న సమీకరణం చరిత్రకు నిలవదు. 1922 నవంబరులో దక్షిణ గుజరాత్ ఆదివాసుల్లో దేవి ఉద్యమం వ్యాపించింది. పూనకం వచ్చినవారి నోట దేవి ఆజ్ఞలుగా వెలువడిన మాటల్లో ముఖ్యమైనది సారా, కల్లు మానుకొమ్మనడం. డేవిడ్ హార్డిమన్ 1987లో ప్రచురించిన గ్రంథంలో ఈ ఉద్యమాన్ని కేవలం సంస్కరణగా చూడలేదు; సారా అంగళ్లు నడుపుతూ, అప్పులిస్తూ, భూములు చేజిక్కించుకొన్న పార్సీ వర్తకుల అధికారాన్ని తిరస్కరించడంగా చూశాడు. బట్టీ తమ చేతిలో ఉన్నప్పుడు కొలుపులో భాగమైన పానీయం, అంగడి చేతికి పోయాక దోపిడీకి సాధనమైంది.

తెలుగు పాఠకుడికి ఈ తేడా కొత్తది కాదు. 1980ల దశకంలో ప్రభుత్వం పొట్లాల్లో సారా అమ్మించిన పథకానికి ‘వారుణి వాహిని’ అని పేరు పెట్టారు. పురాణ సంస్కారం పుష్కలంగా ఉన్న పేరే! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన స్త్రీల ఉద్యమానికి ఆ సంస్కారం పట్టలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది.

సీసా మీది పేరు:

గోవా జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2016లో ఆ రాష్ట్రం దాన్ని వారసత్వ పానీయంగా గుర్తించింది. పోర్చుగీసుల వెంట బ్రెజిల్ నుంచి వచ్చిన చెట్టు ఫలానికి వారసత్వ హోదా దక్కిన నాటికి, ఈ నేల చెట్టు పువ్వుతో చేసిన సారా ‘నాటు’ ముద్ర కిందే ఉండటం గమనార్హం. చిత్తూరు జిల్లాలో కిత్తనార జాతి మొక్కల నుంచి మద్యం తయారుచేస్తున్న డెస్మండ్‌జీ సంస్థ 2018లో గోవా విపణిలోకి ఇప్పమద్యం తెచ్చింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2021లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా అమ్మిస్తామని ప్రకటించి, తరువాత ఆదివాసీ స్వయంసహాయక సంఘాల చేత తయారు చేయించే ఏర్పాటు చేసింది. అలీరాజ్‌పూర్ నుంచి ‘మోండ్’, డిండోరి నుంచి ‘మోహులో’ అలా వచ్చాయి.

ఈ రెండు మార్గాల మధ్య భేదం సీసా అందంలో లేదు. మొదటి పద్ధతిలో ఆదివాసి పూలు ఏరి అమ్మే మనిషి. రెండవ పద్ధతిలో, కనీసం కాగితం మీద, తయారీదారు. చీటీ మీద గోండు చిత్రం వేయడం సులభం. లైసెన్సు ఎవరి పేర ఉంది, లాభంలో వాటా ఎంత, పేరు మీద హక్కు ఎవరిది అన్నవే గౌరవానికి కొలమానాలు. రెండవ పద్ధతి కూడా ఒక చిక్కును దాటలేదు. వందేళ్లకు పైగా ఇంటి బట్టీని వెంటాడిన ఆబ్కారీ శాఖే ఇప్పుడు వారసత్వానికి ధ్రువీకరణ ఇస్తోంది.

1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తుపదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభలకు, తగిన స్థాయి పంచాయతీలకు ఉద్దేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దానికి నియమాలు 2011లో వచ్చాయి. ఆదివాసీ పేరుతో వచ్చే ఏ మద్యమైనా ముందు ఆ సభ ముందుకు వెళ్లాలి; అక్కడ దూబగుంట స్త్రీల వంటివారు వద్దంటే, పూలు ఎండబెట్టి తిండికి దాచుకోవడమే జరుగుతుంది.